లుకేమియా పాజిటివ్ పిల్లులు: షెల్టర్ నడిపేవారి ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లుల లుకేమియా గురించే. ఇది ఒక వైరస్ వల్ల పిల్లి నుంచి పిల్లికి అంటే జబ్బు, రక్తాన్నీ రోగనిరోధక శక్తినీ దెబ్బతీస్తుంది. వీధి పిల్లులను చేరదీసి చిన్న చిన్న షెల్టర్లు నడుపుతున్నవారు రాశారు, ఇంట్లోనే ఐదారింటిని సాకుతున్నవారూ రాశారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, కుదించి ఇస్తున్నాం. మందుల మోతాదులు ఎక్కడైనా చెప్పామంటే మీ పశువైద్యుడు చెప్పేది మీకు అర్థం కావాలనే. సొంత వైద్యానికి వాడకండి.

విజయవాడలో మా షెడ్డులో పద్నాలుగు పిల్లులున్నాయి. నీరసంగా ఉన్న ఒకదానికి రక్తపరీక్ష చేయిస్తే లుకేమియా పాజిటివ్ వచ్చింది. మిగతావాటికి అంటకముందే దానికి ప్రాణం తీసే ఇంజెక్షన్ వేయించెయ్యమని తెలిసినవాళ్లు గట్టిగా చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

ఒక్క పరీక్ష చూసి ఆ పని చేయకండమ్మా. ఇవాళ చేయాల్సిందల్లా దాన్ని వేరే గదిలో పెట్టడం. మిగతాది తీరిగ్గా, వరసగా చేసుకోవచ్చు.

క్లినిక్‌లో పది నిమిషాల్లో తేల్చే కిట్ వైరస్‌కు చెందిన పి27 అనే ప్రొటీన్ కోసం వెతుకుతుంది. మంచి పరీక్షే. కానీ జబ్బు అరుదుగా ఉన్నచోట ఎంత మంచి పరీక్షయినా కొన్నిసార్లు తప్పు చెబుతుంది. లెక్క వేసి చూడండి. వెయ్యి పిల్లుల్లో ఇరవైకే జబ్బు ఉందనుకుందాం. జబ్బు లేని 980లో నూటికి రెండింటికి కిట్ పొరపాటున పాజిటివ్ చూపినా దాదాపు ఇరవై అవుతాయి. అంటే పాజిటివ్ వచ్చిన నలభైలో సగం వట్టివే. అమెరికా, కెనడాల్లో పెద్దఎత్తున పరీక్షించినప్పుడు పాజిటివ్‌లు సుమారు 3 శాతం దగ్గర తేలాయి. కాబట్టి ఈ లెక్క మరీ ఊహ కాదు.

అందుకే పాజిటివ్ వస్తే రెండో పరీక్ష తప్పనిసరి. అదే రోజు మిగిలిన రక్తాన్ని వేరే కంపెనీ కిట్ మీద చూడొచ్చు. ల్యాబుకు పంపి పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష, చేయిస్తే ఇంకా మేలు. రెండూ పాజిటివ్ వచ్చినా ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత కిట్ పరీక్ష మళ్లీ చేయాలి. ఎందుకంటే వైరస్ సోకిన పిల్లులన్నీ ఒకే దారిన పోవు. కొన్ని దాన్ని పూర్తిగా వదిలించుకుంటాయి. కొన్నింటిలో వైరస్ ఎముక మూలుగలో అణిగి ఉండిపోతుంది. అలాంటప్పుడు కిట్ నెగెటివ్ అంటుంది, పీసీఆర్ మాత్రం పట్టుకుంటుంది. ఇవి మామూలుగా ఇతర పిల్లులకు అంటించవు. అయితే వాటి రక్తం మరో పిల్లికి ఎక్కించకూడదు. బాగా జబ్బుపడినా, ఎక్కువ రోజులు స్టిరాయిడ్లు వాడినా వైరస్ మళ్లీ లేచే అవకాశం ఉంటుంది. మూడో రకంలో వైరస్ రక్తంలో స్థిరపడిపోతుంది. కష్టమంతా వీటితోనే.

కిట్ వాడకంలో తరచు జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే రక్తం వేయడం. చెప్పిన సమయం దాటాక, అరగంట తరువాత చూసి, అప్పుడు తేలిన సన్నని గీతను పాజిటివ్‌గా రాసుకోవడం. సమయంలోపే తేలిన గీతయితే ఎంత పలచగా ఉన్నా పాజిటివే, దాన్ని కొట్టిపారేయకూడదు. కూనల గుంపు ఉంటే డబ్బు కలిసొస్తుందని అందరి రక్తం కలిపి ఒకే కిట్ మీద వేస్తారు. దీనివల్ల నిజమైన పాజిటివ్ తప్పిపోతుంది. తల్లిని పరీక్షించి కూనలకు అదే ఫలితం రాసేయడమూ తప్పే. దేనికది విడిగా చేయాలి.

ఇక మీ పదమూడు పిల్లుల సంగతి. అన్నింటికీ ఇప్పుడొకసారి పరీక్ష చేయించండి. నెగెటివ్ వచ్చినవాటికి, ఆ పిల్లిని వేరుచేసిన రోజు నుంచి కనీసం ముప్ఫై రోజులు, వీలైతే అరవై రోజులు గడిచాక మళ్లీ చేయించండి. కొత్తగా సోకినది మొదటి వారాల్లో పరీక్షకు దొరకదు. ఈ రెండు నెలలూ షెడ్డులోకి కొత్త పిల్లిని తేకండి, ఉన్నవాటిని దత్తత ఇవ్వకండి. చేయడానికి కష్టమైన పని ఇదే, మొహమాటాలు అడ్డొస్తాయి.

ఇంజెక్షన్ సలహా పాత రోజులది. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్ బృందం ఈ వైరస్‌ను కనిపెట్టింది. ఆ తరువాత చాలా ఏళ్లు పరీక్షించి, పాజిటివ్ అయితే తీసేయడమే పద్ధతిగా ఉండేది. ఇప్పుడు అమెరికా పిల్లుల వైద్యుల సంఘం మార్గదర్శకాలు కూడా పాజిటివ్ ఫలితం ఒక్కటే చంపడానికి కారణం కారాదని స్పష్టంగా చెబుతున్నాయి.

మా పిల్లికి ఏటా త్రీ-ఇన్-వన్ టీకా వేయిస్తున్నాం. కార్డు మీద ల్యూకో అని ఏదో ఉంది కూడా. అయినా లుకేమియా ఎలా వచ్చింది? – హన్మకొండ

కార్డు మీద ఉన్నది పాన్‌ల్యూకోపీనియా. అది పార్వో జాతి వైరస్ తెచ్చే వాంతులు, విరేచనాల జబ్బు. మన దగ్గర మామూలుగా వేసే ఆ టీకా దానితోపాటు రెండు జలుబు వైరస్‌లను, హెర్పిస్‌ను, కాలిసిని ఆపుతుంది. లుకేమియా టీకా వేరు. అమెరికాలో 1985 నుంచి ఉంది, ఇక్కడి క్లినిక్‌లలో మామూలుగా వేసేవాటిలో లేదు. పాజిటివ్ అయిన పిల్లికి అది వేసినా లాభం లేదు.

మేడ మీద రెండు గదులున్నాయి. లుకేమియా పిల్లులకు ఒకటి కేటాయిద్దామనుకుంటున్నాం. ఎలా తయారుచేయాలి? ఒకే ఆవరణలో ఉంటే గాలి ద్వారా అంటదా? – హైదరాబాద్

గాలి ద్వారా అంటదు. ఈ వైరస్ ప్రధానంగా ఉమ్ములో, ముక్కు స్రావాల్లో ఉంటుంది. మూత్రం, మలం, తల్లిపాలలో కూడా ఉంటుంది. ఒకదాన్నొకటి నాకుకోవడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం, తల్లి నుంచి కూనలకు రావడం, ఇవీ దారులు. ఒంటి బయట ఇది చాలా బలహీనం. ఆరిన నేల మీద కొద్ది గంటల్లో చస్తుంది, తడి ఉంటే ఒకట్రెండు రోజులు లాగుతుంది. సబ్బు చాలు దాన్ని చంపడానికి. కాబట్టి మధ్యలో గట్టి గోడ, విడి గిన్నెలు, విడి లిట్టర్ ట్రేలు ఉంటే పక్క గదిలో ఆరోగ్యమైన పిల్లులను నిశ్చింతగా ఉంచొచ్చు. జాలీ ఒక్కటే అడ్డంగా ఉంటే చాలదు. జాలీకి రెండు వైపులా మూతులు ఆనించి నాకుకుంటాయి.

అసలు జాగ్రత్త రెండో వైపు నుంచి కావాలి. ఈ గదిలోంచి బయటకు వైరస్ పోతుందని అందరూ భయపడతారు. బయటి జలుబు, విరేచనాలు ఈ గదిలోకి వస్తాయని ఎవరూ అనుకోరు. లుకేమియా పిల్లుల్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. మామూలు పిల్లి వారంలో దులిపేసుకునే జలుబు వీటిని మంచాన పడేస్తుంది. చాలా షెల్టర్లలో ఈ గదిని అన్నిటికన్నా చివర శుభ్రం చేస్తారు. అప్పటికి చీపురుకు, ఆప్రాన్‌కు, చేతులకు ఊరంతా అంటి ఉంటుంది. దీన్ని తిరగేయండి. పొద్దున్నే ఉతికిన ఆప్రాన్‌తో ముందు కూనల గది, చేతులు కడుక్కుని ఆప్రాన్ మార్చుకుని లుకేమియా గది, తరువాత ఆరోగ్యంగా ఉన్నవి, ఆపైన కొత్తగా వచ్చి క్వారంటైన్‌లో ఉన్నవి, జలుబు జ్వరాల గది అన్నిటికన్నా చివర. గదికో చీపురు, గదికో జత చెప్పులు పెట్టండి.

స్థలం విషయానికొస్తే, గుంపుగా ఉంచేటప్పుడు పెద్ద పిల్లికి తలా 18 చదరపు అడుగుల నేల ఉండాలని షెల్టర్ వైద్యుల ప్రమాణం. 10 అడుగులకు 12 అడుగుల గదిలో ఆరు. ఏడోది వచ్చిందంటే గొడవలు మొదలవుతాయి, గొడవ వల్ల ఒత్తిడి, ఒత్తిడి వల్ల జబ్బు. పిల్లికొక ట్రే, అదనంగా ఒకటి పెట్టండి. గోడకు వేర్వేరు ఎత్తుల్లో అరలు బిగించండి. నీరసించినవి ఎక్కలేవు కాబట్టి కింద కూడా చాటుగా రెండు అట్టపెట్టెలు ఉండాలి. తలుపు తీసినప్పుడు దూకి పారిపోకుండా బయట ఇంకో చిన్న జాలీ తలుపు ఉంటే మంచిది. ఎఫ్‌ఐవీ అని పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఇంకో వైరస్ ఉంది. అది పాజిటివ్ అయిన పిల్లులను ఈ గదిలో కలపకండి. రెండు వైరస్‌లూ ఒకే పిల్లికి పడితే బతుకు బరువవుతుంది.

మేడ మీద గది అన్నారు కనుక ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. స్లాబు కింద మే నెల మధ్యాహ్నం రక్తం తక్కువున్న పిల్లికి ప్రాణాంతకం. పైన కూల్ రూఫ్ పెయింటు వేయించండి లేదా గ్రీన్ నెట్ కట్టండి. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి. కరెంటు పోయినా నడిచేలా ఒక ఫ్యానును ఇన్వర్టర్‌కు కలపండి. పిల్లి నోరు తెరిచి ఒగరుస్తోందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

గది కడగడానికి ఏది వాడాలి? మేం ఫినాయిలే వాడుతున్నాం. – రాజమహేంద్రవరం

ఫినాయిల్ వెంటనే ఆపేయండి. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, విషం లోపలికి పోతుంది. డెటాల్ కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ముందు సర్ఫు నీళ్లతో మలమూత్రాల మురికి పోయేలా కడిగి, నీళ్లు పోసి తుడిచేయండి. తరువాత బ్లీచ్. 5 శాతం లిక్విడ్ బ్లీచ్ అయితే లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు. బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను. కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే వాడండి. పది నిమిషాలు నేల తడిగా ఉండనిచ్చి మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే పిల్లులను వదలండి. మూత్రం ఉన్నచోట నేరుగా బ్లీచ్ పోస్తే అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటైన గ్యాస్ వస్తుంది. కళ్లు, ఊపిరితిత్తులు మండుతాయి, మీకూ వాటికీ. సర్ఫు ముందు, బ్లీచ్ తరువాత అనడానికి అసలు కారణం అదే. కలిపిన బ్లీచ్ ఏ రోజుకారోజు పారబోయాలి. మూత తీసి నెలలు గడిచిన పౌడర్‌లో సత్తువ ఉండదు.

లుకేమియాకు సబ్బు చాలన్నాం కదా, మరి బ్లీచ్ ఎందుకంటే పాన్‌ల్యూకోపీనియా కోసం. అది నెలల తరబడి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, సబ్బుకు లొంగదు.

మా ఇంట్లో చిన్నపిల్లలు, ఒక కుక్క ఉన్నారు. వాళ్లకు వస్తుందా? – ఒంగోలు

రాదు. ఇది పిల్లి జాతికే పరిమితం.

చికెన్ షాపు వాళ్లు తలలు, పేగులు ఉచితంగా ఇస్తున్నారు. పచ్చివే పెడుతున్నాం, పాలు కూడా పోస్తాం. లుకేమియా ఉన్నదానికి వేరే తిండి పెట్టాలా? – గుంటూరు

పచ్చి మాంసం దీనికి పనికిరాదు. సాల్మొనెల్లా, టాక్సోప్లాస్మా లాంటి సూక్ష్మజీవులు మామూలు పిల్లికి పెద్దగా చేటు చేయకపోయినా, దీన్ని పడుకోబెడతాయి. పచ్చి గుడ్డు కూడా వద్దు. ఉడికించండి. కానీ ఉల్లి, వెల్లుల్లి, మసాలా తగలకూడదు. ఉల్లిపాయ పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అసలే రక్తం తక్కువున్న పిల్లికి కూరలోని చికెన్ ముక్క కడిగి పెట్టినా ప్రమాదమే. చాలా పిల్లులకు పాలు పడవు, విరేచనాలవుతాయి. నీళ్లు చాలు.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు రమారమి 200 నుంచి 250 కిలోకాలరీలు కావాలి. వందగ్రాములకు 350–400 కిలోకాలరీలుండే పొడి ఫుడ్ అయితే 55–65 గ్రాములు. ప్యాకెట్ వెనక అంకె చూసి లెక్క వేసుకోండి. ఒట్టి చికెన్‌తోనే పెంచుదామంటే కుదరదు. క్యాల్షియం ఉండదు, టౌరిన్ అనే పోషకం చాలదు. టౌరిన్ తగ్గితే పిల్లి చూపు, గుండె దెబ్బతింటాయి. ఉడికించేటప్పుడు టౌరిన్ చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది, కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా ముక్కల మీదే పోయండి. రోజువారీ తిండిలో పావు వంతు ఉడికించిన ఎముకల్లేని చికెన్, మిగతాది పిల్లుల ఫుడ్ అయితే ఖర్చూ అదుపులో ఉంటుంది, లోపాలూ రావు.

తిండి మానేసిన పిల్లికి గోరువెచ్చగా చేసి పెట్టండి. వేడికి వాసన లేచి ముక్కు దిబ్బడ ఉన్నది కూడా మూతి పెడుతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే వైద్యుడికి ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు పస్తులుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణం తీస్తుంది, బొద్దుగా ఉన్న పిల్లిలో మరీనూ. సిరంజితో బలవంతంగా పట్టించేటప్పుడు తల పైకెత్తకండి. బుగ్గ పక్క నుంచి ఒక మిల్లీలీటరు వేసి, మింగాకే ఇంకొకటి. పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

మా లుకేమియా పిల్లి గోడ సున్నం నాకుతోంది, లిట్టర్ మట్టి తింటోంది. బీట్‌రూట్ రసం, ఐరన్ టానిక్ పట్టిస్తున్నాం. బొప్పాయి ఆకు రసం కూడా మంచిదంటున్నారు. – విశాఖపట్నం

మట్టి, గోడ నాకడం రక్తహీనతకు గుర్తు. ముందు చిగుళ్లు చూడండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర పిల్లిని ఒళ్లో కూచోబెట్టుకుని పై పెదవిని బొటనవేలితో కొంచెం పైకి లేపండి. కోరపన్ను పైన చిగురు లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. కాగితంలా తెల్లగా ఉంటే ఆరోజే క్లినిక్‌కు తీసుకెళ్లండి. పసుపు రంగు ఉన్నా అంతే. ట్యూబ్‌లైటు కింద చూస్తే అన్నీ పాలిపోయినట్టే కనిపిస్తాయి, మోసపోకండి. నారింజ రంగు పిల్లుల చిగుళ్ల మీద నల్లని చుక్కలు వస్తుంటాయి, వాటితో ఇబ్బంది లేదు.

క్లినిక్‌లో పీసీవీ చూస్తారు, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు. ముప్ఫై నుంచి నలభై అయిదు దాకా మామూలు. పదిహేను దగ్గరికి పడి పిల్లి కూలబడిందంటే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. పిల్లులకూ రక్త గ్రూపులుంటాయి, సరిచూడకుండా ఎక్కిస్తే చనిపోవచ్చు. దాత పిల్లికి లుకేమియా కిట్ పరీక్ష, పీసీఆర్ రెండూ నెగెటివ్ ఉండాలి.

అయితే రక్తహీనత అనగానే లుకేమియా మీదకు తోసేసి ఊరుకోకూడదు. షెల్టర్ పిల్లుల్లో సగం పాపం ఫ్లీలదే, వెంట్రుకల మధ్య గెంతే ఆ సన్నని నల్ల పురుగులది. అవి రక్తం పీలుస్తాయి, పైగా ఎర్రకణాలకు అంటుకుని బతికే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి కూడా వీటి వల్ల అంటుకుంటుందని వైద్యుల అంచనా. లుకేమియా ఉన్నవాటిలో అది చెలరేగుతుంది. ఇది మందుతో లొంగే జబ్బు. రక్తపు స్మియర్ (గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడటం), కుదిరితే పీసీఆర్ చేసి తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. మామూలుగా కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు, రెండు నుంచి నాలుగు వారాలు.

ఈ మాత్ర దగ్గర ఒక పెద్ద తప్పు జరుగుతుంటుంది. పొడి మాత్ర నోట్లో వేసి మింగించి వదిలేస్తారు. అది గొంతు గొట్టంలో ఇరుక్కుని కరిగి అక్కడి పొరను కాల్చేస్తుంది. కొన్నాళ్లకు ఆ చోట గొట్టం సన్నబడి పిల్లి తిన్నదంతా కక్కేస్తుంది, వెనక్కు తేవడం చాలా కష్టం. అందుకే మాత్ర వేసిన వెంటనే సిరంజితో 5–6 మిల్లీలీటర్ల నీళ్లు, లేదా రెండు చెంచాల తడి ఫుడ్ తినిపించి తీరాలి.

ఐరన్ టానిక్ ఇక్కడ పనిచేయదు. ఈ వైరస్ వల్ల వచ్చే రక్తహీనతలో ముడిసరుకు కొరత ఉండదు, రక్తం తయారుచేసే మూలుగే ఆగిపోతుంది. మనుషుల టానిక్ మోతాదు ఎక్కువైతే కడుపు, కాలేయం పాడవుతాయి. బీట్‌రూట్ వల్ల మూత్రం ఎర్రబడి మీరు కంగారుపడటం తప్ప ఏమీ లేదు. బొప్పాయి ఆకు చేదుకు పిల్లి నోరు కట్టేసుకుంటుంది. ఇంకో రెండు హెచ్చరికలు: కుక్కల ఫ్లీ మందులు కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి పడితే మూర్ఛలు వచ్చి చనిపోతుంది. పిల్లులకని రాసి ఉన్న సెలామెక్టిన్, ఫిప్రోనిల్ లాంటివే బరువు చూసి వేయించండి. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ పావు మాత్ర కూడా ఇవ్వకండి. పిల్లికి అదే చాలు ప్రాణం పోవడానికి.

రోజూ ఏమేం గమనించాలి? పనివాళ్లు మారుతుంటారు, అందరికీ అర్థమయ్యేలా చెప్పండి. – తిరుపతి

గదికో నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను పెట్టండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సమాచారం మూడో రోజుకి ఎక్కడుందో ఎవరికీ దొరకదు. తిన్నదా, మలం ఎలా ఉంది, మూత్రం పోసిందా, తుమ్ములున్నాయా అని రోజూ పిల్లికో గీత చొప్పున రాయాలి. వారానికోసారి, ఒకే రోజున, తిండికి ముందు తూకం వేయాలి. పసిపిల్లలను తూచే డిజిటల్ కాటా వాడండి. మనిషి ఎత్తుకుని బాత్‌రూమ్ కాటా ఎక్కి తీసివేస్తే అసలు తేడా దొరకదు. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే శరీరంలో 5 శాతం పోయినట్టు. కంటికి ఇంకా ఏమీ తెలియదు, కాటాకే తెలుస్తుంది. ఆ అంకె పడ్డ రోజే వైద్యుడికి చెప్పాలి.

నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. నిమిషానికి ముప్ఫై లోపు ఉండాలి. నలభై దాటితే అత్యవసరం. లుకేమియా పిల్లుల్లో, ముఖ్యంగా వయసులో ఉన్నవాటిలో, ఛాతీలో లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ పెరిగి నీరు చేరడం ఉంటుంది. అలాంటి పిల్లిని ఎక్స్‌రే కోసం వెల్లకిలా నొక్కి పట్టుకుంటే టేబుల్ మీదే పోవచ్చు. తీసుకెళ్లేటప్పుడే "ఊపిరి కష్టంగా ఉంది, లుకేమియా పాజిటివ్" అని మొదటి మాటగా చెప్పండి.

నోరు కూడా చూస్తుండాలి. చొంగ, దుర్వాసన, తిండి దగ్గరికి వచ్చి మూతి పెట్టి వెనక్కి పోవడం, పొడి ఫుడ్ ఒక పక్కనే నమలడం, ఇవన్నీ చిగుళ్ల వాపుకు గుర్తులు. నొప్పి తగ్గించాలని స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు తింటుంది, ఆపైన రోగనిరోధక శక్తి ఇంకా పడిపోతుంది. పాడైన పళ్లు తీయించడమే చాలా పిల్లులకు నిజమైన ఉపశమనం.

ఆరోగ్యంగా కనిపించినా ఆరు నెలలకోసారి వైద్యుడి చేత చూపించి పూర్తి రక్తపరీక్ష చేయించండి.

లుకేమియా పిల్లికి కు.ని. ఆపరేషన్ చేయొచ్చా? టీకాలు? వైరస్‌కు మందే లేదా? – ఖమ్మం

ఆరోగ్యంగా ఉంటే ఆపరేషన్ తప్పక చేయించాలి. ఆడది ఈనితే కూనలన్నింటికీ వైరస్ వెళ్తుంది, మగది తిరుగుళ్లకు పోయి కొట్లాటల్లో పంచుతుంది. ముందు రక్తపరీక్ష చూసుకుని, తరువాత నోటి పుండ్లు, గాయం మానడం మామూలుకన్నా రెండింతలు జాగ్రత్తగా గమనించాలి. రేబీస్, త్రీ-ఇన్-వన్ టీకాలు వేయించండి. చంపిన వైరస్‌తో చేసిన టీకా దొరికితే దానికే మొగ్గు చూపమంటారు. జ్వరం, నీరసం ఉన్నప్పుడు వాయిదా వేయాలి.

వైరస్‌ను పూర్తిగా తొలగించే మందు లేదు. మనుషుల హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్ కొందరు వైద్యులు ఇస్తారు. దాని ప్రధాన దుష్ఫలితం రక్తహీనత. అసలే పాలిపోయిన పిల్లికి అది కొరివితో తల గోక్కోవడమే. వాడితే ప్రతి కొన్ని వారాలకూ రక్తం చూడాల్సిందే.

మేం అమెరికాలోని ఆస్టిన్‌లో ఉంటాం. ఇక్కడి షెల్టర్‌లో లుకేమియా పిల్లులను దత్తతకిస్తున్నారు. మా ఇంట్లో ఇప్పటికే ఒక పిల్లి ఉంది. ఇంకోటి తెచ్చుకోవచ్చా? ఎన్నాళ్లు బతుకుతుంది? – టెక్సాస్ నుంచి

ఈ పిల్లులను ఇళ్లకు పంపడంలో మీ ఊరి ఆస్టిన్ పెట్స్ అలైవ్ సంస్థకు మంచి పేరుంది. యూటా రాష్ట్రం కనాబ్‌లోని బెస్ట్ ఫ్రెండ్స్, న్యూజెర్సీలోని ట్యాబీస్ ప్లేస్ ఆశ్రయాలు కూడా వీటికి ప్రత్యేకంగా చోటిస్తున్నాయి.

మీ పిల్లి నెగెటివ్ అయితే ఇంకోటి తేవడం మా దృష్టిలో మంచిది కాదు. లుకేమియా టీకా మొదట 3–4 వారాల ఎడంతో రెండు డోసులు, ఏడాదికి ఇంకోటి వేస్తారు. మేలు చేస్తుంది కానీ నూటికి నూరు శాతం ఆపదు. ఒకే ఇంట్లో తలుపు వేసి విడిగా ఉంచగలిగినా, పదేళ్లు ఆ తలుపు ఎప్పుడూ తెరిచి ఉండదని ఎవరు హామీ ఇవ్వగలరు? ఇంట్లో పిల్లి లేనివారైతే రెండు పాజిటివ్ పిల్లులను జంటగా తెచ్చుకోవడం హాయి. ఒకదానికొకటి తోడుంటాయి, కొత్త ప్రమాదమూ లేదు.

ఆయుష్షు విషయంలో మొహమాటపడకుండా చెప్పాలి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో పాజిటివ్ తేలిన తరువాత సగం పిల్లులు సుమారు రెండున్నరేళ్లు బతికాయి, అదే వయసు నెగెటివ్‌వాటికి ఆ లెక్క సుమారు ఆరేళ్లు. పాజిటివ్ కూనలు ఇంకా ముందే పోతాయి. పెద్దయ్యాక సోకినవి మామూలు ఆయుష్షుకు దగ్గరగా బతకడమూ ఉంది.

ఇక బాధపెట్టకుండా ఇంజెక్షన్‌తో ఎప్పుడు సాగనంపాలో ఎలా తెలుస్తుంది? – ఒక షెల్టర్ నిర్వాహకుడు

నోట్‌బుక్కే చెబుతుంది. వరసగా వారం రోజులు బలవంతంగా పెడితే తప్ప తినకపోవడం, ఎక్కించిన రక్తం వారం పది రోజులు కూడా నిలవకపోవడం, ఛాతీలో నీరు తీసిన రెండు రోజులకే మళ్లీ చేరడం, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం పూర్తిగా మానేయడం. వీటిలో రెండు కలిసినప్పుడు వైద్యుడితో కూర్చుని మాట్లాడండి. ముందు మత్తు ఇచ్చి, ఆపైన నరంలోకి ఇంజెక్షన్ వేసేలా అడగండి. దాన్ని రోజూ సాకిన మనిషి పక్కనుంటే పిల్లి కంగారుపడదు. నిర్ణయం ఒక్కరి మీద వేయకండి. తిండి పెట్టే మనిషి మాటకు, వైద్యుడి మాటకు సమాన విలువ ఇవ్వాలి. ఎందుకంటే పెట్టేవారు ఒక్కోసారి చూడలేక తొందరపడతారు, ఒక్కోసారి వదల్లేక సాగదీస్తారు.

లుకేమియాతో పిల్లి పోయింది. ఆ గదిలో వేరే పిల్లిని ఎన్నాళ్లకు పెట్టొచ్చు? – కాకినాడ

లుకేమియా ఒక్కటే అయితే పరుపులు, గుడ్డలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి, గదిని పైన చెప్పినట్టు సర్ఫు, బ్లీచ్‌తో కడిగి ఆరబెట్టాక మర్నాడే పెట్టొచ్చు. గోకుడు స్తంభాలకు చుట్టిన తాడు కడగడానికి వీలుకాదు, మార్చేయండి. పోయే ముందు వాంతులు, నీళ్ల విరేచనాలు ఉండి పాన్‌ల్యూకోపీనియా అనుమానం కూడా ఉంటే లెక్క మారుతుంది. బ్లీచ్ రెండు మూడుసార్లు కొట్టినా, ఏడాది దాకా టీకా పూర్తికాని కూనలను ఆ గదిలోకి తేకండి. టీకాలు పూర్తయిన పెద్ద పిల్లులను పెట్టుకోవచ్చు.